వాసన చూసిన గుడ్లు

"అలా మూతి ముడుచుకుని నిలబడితే సరిపోదు. ఇది ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పు, ఏం వాసనో!"

అత్తగారు ఉడికిన గుడ్డును చాకుతో రెండు చెక్కలు చేసి, పళ్లాన్ని చిన్నకోడలి ముఖం ముందుకు తోసింది.

వెనక్కి వచ్చిన గుడ్ల పెట్టెలు వంటింటి గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. పిల్లల ఆసుపత్రి వాళ్లు పొద్దున్నే వ్యాన్‌లో తెచ్చి, రెండు ముక్కల్లో సంగతి చెప్పి దించేసి వెళ్లారు. నిన్నటి భోజనంలో గుడ్డు నోట్లో పెట్టుకున్న పిల్లలు పెట్టుకున్నట్టే ఉమ్మేశారట. వార్డు వార్డంతా చేపల బజారులా కంపు కొట్టిందట.

గుడ్డు చెక్క కాగానే పెద్దకొడుకు పైపంచెతో ముక్కు మూసుకున్నాడు. చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారి ముఖం సరేసరి. పెద్దకోడలు ఆ ముగ్గురినీ ఒకసారి చూసి, అప్పుడు తన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"చేప వాసన అత్తయ్యా" అంది చిన్నకోడలు మెల్లగా.

"మనం కోళ్లు పెంచుతున్నామా, చేపలు పెంచుతున్నామా?"

చిన్నకోడలు తల దించుకుంది.

"నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను" అని అందుకున్నాడు పెద్దకొడుకు. "ఆరుబయట గడ్డిలో తిరిగే కోడికి నూనెలేమిటి, గింజలేమిటి అని."

నిజానికి అతను మొత్తుకున్నదేమీ లేదు. ఈ మేత చూసి ఆసుపత్రి వాళ్లు ఇంకా ఎక్కువ గుడ్లకు ఒప్పుకున్న రోజున, షెడ్ల చుట్టూ మీసం మెలేసుకుంటూ తిరిగింది అతనే. ఓడిన పందెంలో నేనూ ఉన్నానని ఎవరు ఒప్పుకుంటారు లెండి.

"గడ్డి ఎక్కడుంది బావగారూ?" అంది చిన్నకోడలు. మాట తడబడలేదు. "గడ్డీ పురుగూ దొరికినన్నాళ్లు కోడే వెతుక్కు తింటుంది. ఎండలకి నేలంతా మాడిపోయింది. మాడిన నేల మీద తిప్పి, ఇది ఆరుబయట తిరిగిన కోడి గుడ్డు అని పెట్టె మీద రాసుకుంటే సరిపోతుందా? గుడ్డులోకి బలం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే అవిసె గింజలు, బంతిరేకులు, కాస్త చేపనూనె. అక్కడ తినేది జబ్బుపడ్డ పిల్లలు."

"ఆ జబ్బుపడ్డ పిల్లలే ఉమ్మేశారు."

అత్తగారు ఆ మాట అరిచి అనలేదు. అరిచినా బాగుండేది.

"నూనె మోతాదు మించింది" అంది చిన్నకోడలు చివరికి. "మించిందని నాకు తెలియలేదు అత్తయ్యా. పొద్దస్తమానం మేతగదిలో ఆ నూనె మధ్యే ఉంటాను. ఇంత కంపు కొడితే తప్ప నా ముక్కుకి అన్నీ ఒకటే. గుడ్డు తిని చూద్దామా అంటే నాకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అందుకే అక్కని అడిగేదాన్ని. అడిగిన ప్రతిసారీ అక్క వాసన లేదంది. లేదన్నాకే ఇంకో మూత నూనె కలిపాను."

ముగ్గురి తలలూ పెద్దకోడలి వైపు తిరిగాయి.



ఆ ఇంట్లో పెద్దకోడలికి ఒక పదవి ఉంది. రోజూ తెల్లారగానే ఒక్కో షెడ్డు నుంచి ఒక్కో గుడ్డు తెచ్చి, ఉడకబెట్టి, కిటికీ దగ్గర వేడివేడిగా చెక్కచేసి వాసన చూడటం. ఆమె సరేనంటేనే ఆ షెడ్డు గుడ్లు పెట్టెల్లోకి ఎక్కేవి. కాపురానికి వచ్చిన కొత్తల్లో, మొక్కజొన్న బస్తాలో బూజు ఉందని దూరంనుంచే చెప్పింది. అంతా నవ్వారు. తీరా బస్తా విప్పి చూస్తే లోపల పచ్చగా పట్టేసి ఉంది. ఆ రోజు నుంచి అత్తగారు ఆ కిటికీని ఆమెకు అప్పజెప్పింది. మరిది సరదాకి 'ముక్కు వదిన' అని పేరు పెట్టాడు. అక్కడితో ఆగాడా? పెట్టెల మూతల మీద నీలం రంగు ముక్కు బొమ్మ ముద్ర వేయించి, కింద 'వాసన చూసిన గుడ్లు' అని రాయించాడు. దుకాణాల్లో జనం ఆ బొమ్మ చూసి నవ్వేవారు, నవ్వుతూనే కొనేవారు.

ఇప్పుడా ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. చలికాలం చివర వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఈ వంటింట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పేయాల్సిన క్షణం అది. చెప్పేస్తే నలుగురూ తిట్టేవారు, నాలుగు రోజులు ముఖం మాడ్చుకునేవారు, అంతే కదా. కాని పళ్లెంలోని గుడ్డు చెక్కల్నీ, గుమ్మం దాకా పేర్చిన పెట్టెల్నీ, వాటి మీది ముక్కు బొమ్మల్నీ చూసేసరికి ఆమె నోరు తన మాట వినలేదు.

"నేను చూసినవి బాగానే ఉన్నాయి" అంది. "తర్వాత... నాకు చెప్పకుండా ఇంకాస్త పోసిందేమో. నాకేం తెలుసు?"

అనేసింది. అన్న మరుక్షణం నాలుక కొరుక్కుంది. కాని నోరు జారిన మాట జారినట్టే.

చిన్నకోడలు వాదించలేదు. "నేనెప్పుడు పోశాను అక్కా?" అని అడగలేదు. తోడికోడలి ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే పెద్దకోడలు తట్టుకునేదే. కోపం లేదు. ఏదో లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచి చూసుకుంటున్న మనిషి చూపు అది.

"విన్నావా?" అంది అత్తగారు. "నిన్ను నమ్మి నా కోళ్లను నీ చేతిలో పెట్టాను. నాదీ బుద్ధితక్కువే. నీ మొగుడు పొద్దుటినుంచీ దుకాణాలన్నీ తిరిగి మిగతా పెట్టెలు వెనక్కి తెస్తున్నాడు. ఎవరిచేత ఏం మాటలు పడుతున్నాడో పాపం. ఇక మేతగది గడప తొక్కకు. ఆ నూనె డబ్బాలు, గింజలు మధ్యాహ్నంలోగా బయట పడెయ్. పాత మేతే వేస్తాం."

"సరే అత్తయ్యా."

చిన్నకోడలు పళ్లెం తీసుకుని, ఆ గుడ్డు చెక్కల్ని తనే పెరట్లోకి తీసుకెళ్లింది.

*

వంటింట్లో ఒంటరిగా మిగిలాక పెద్దకోడలు ఒక పిచ్చిపని చేసింది. కాఫీపొడి డబ్బా తీసి ముక్కు లోపలికి దూరేంతగా పీల్చింది. తర్వాత సబ్బు. తర్వాత వెల్లుల్లి రెబ్బ చిదిమి చూసింది. ఏమీ లేదు. గోడకు ముక్కు ఆనించినట్టే ఉంది.

మొదట్లో ఆమెకు అంత భయం వేయలేదు. జలుబు తగ్గితే అదే వస్తుందనుకుంది. జ్వరం నుంచి లేచిన మొదటి పొద్దున కిటికీ దగ్గర గుడ్డు చెక్కచేస్తే ఏ వాసనా తెలియలేదు. ఇన్నేళ్లుగా ఎప్పుడూ బాగానే ఉన్న గుడ్లు ఈ ఒక్కరోజులో ఏమైపోతాయిలే అని 'బాగుంది' అంది. మర్నాడూ అలాగే అంది. ఒకరోజు చెప్పని మాటను రెండో రోజు చెప్పడం కష్టం. అలా పోగా పోగా ఇక చెప్పలేనంత పెద్దదైపోయింది అది.

మధ్యలో ఒకసారి దొరికిపోబోయింది కూడా. పొయ్యి మీద గిన్నె చూసి "అబ్బ, కాఫీ ఎంత ఘుమఘుమలాడుతోందో!" అంది. "ఇంకా పొడే వెయ్యలేదు వదినా, అవి వేణ్ణీళ్లు" అన్నాడు మరిది. ఇల్లంతా పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే.

అలాంటి రోజుల్లోనే చిన్నకోడలు కొత్త మేత మొదలుపెట్టింది. పెళ్లికి ముందు మేతమిల్లు పరీక్షగదిలో పనిచేసిన పిల్ల. ఏ గింజ వేస్తే గుడ్డులో ఏం చేరుతుందో, ఆల్చిప్పల పొడి తగ్గితే పెంకు ఎందుకు పలచబడుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పచ్చసొన రంగు చూసి మోసపోకు అక్కా, రంగు బంతిరేకులతో కూడా వస్తుంది, బలం వేరే సంగతి అనేది. పెద్దకోడలికి సగం అర్థమయ్యేది కాదు గాని వింటూ కూర్చోవడం ఇష్టంగా ఉండేది. ఆ పిల్ల ఒక మూత నూనె కలిపి కొన్నాళ్లు ఆగేది. ఆగి, కిటికీ దగ్గరికి వచ్చి, "అక్కా, ఏమైనా తెలుస్తోందా?" అని అడిగేది.

"ఏమీ తెలియడం లేదే. ఇంకాస్త వేసుకో."

అబద్ధం కూడా కాదు అది. ఏమీ తెలియడం లేదన్నది నిజమే కదా అని తనకు తాను సర్దిచెప్పుకునేది. మనిషి బుద్ధి ఎన్ని వంకలు వెతుకుతుందో చూడండి.

ఇంట్లోవాళ్లకూ తెలిసే దారి లేకపోయింది. ఆసుపత్రికీ దుకాణాలకీ ఇవ్వడానికే గుడ్లు చాలక, ఇంటికి పెరట్లోని ముసలి కోళ్లవే వాడుకున్నారు. ఆ కోళ్లకు కొత్త మేత వేయలేదు.

"నాకు చెప్పకుండా పోసిందేమో" అన్న తన మాట తనకే వినిపించింది పెద్దకోడలికి. వెల్లుల్లి రెబ్బ కిటికీలోంచి విసిరేసి, చేతులు కడుక్కుని, మేతగదికి బయలుదేరింది.

*

చిన్నకోడలు మేత కలిపే డ్రమ్మును పక్కకు వంచి, అడుగున అంటుకున్నది చిన్న పారతో గోకుతోంది. నూనె డబ్బాలు, అవిసె బస్తాలు అప్పటికే గుమ్మం బయటికి చేరాయి. ఆమె బట్టల సంచి కూడా వాటి పక్కనే ఉంది.

"లే, నేను గోకుతాను" అంది పెద్దకోడలు.

"అయిపోయింది అక్కా."

అక్కా అన్న పిలుపులో ఏ తేడా లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"ఆ సంచేమిటి?"

"మిల్లులో మళ్లీ రమ్మంటూనే ఉన్నారు. కొన్నాళ్లు అక్కడ ఉంటాను. ఆయన రాగానే నువ్వే చెప్పు. ఆయన ముఖం చూస్తే కదల్లేను."

"పిచ్చి పిల్లా! అత్తయ్య ఏదో కోపంలో అంది. అంతమాత్రానికి ఇల్లు వదిలి వెళ్లిపోతారా ఎవరైనా?"

"అత్తయ్య మాటకి కాదు."

పెద్దకోడలు నీళ్లు నమిలింది. "పొద్దున్న నేనన్న మాట..."

"అదే ఆలోచిస్తున్నాను అక్కా ఇందాకటినుంచీ. నువ్వన్నది నిజమేనేమో. ఆ మధ్య కొత్త డబ్బా విప్పాను. దాని మూత పాతదానికంటే పెద్దదేమో, నేను చూసుకోలేదేమో. నీ ముక్కు ఎప్పుడూ పొరపాటు పడలేదు కదా. మరి నా చెయ్యే పడి ఉండాలి."

పెద్దకోడలి అబద్ధాన్ని నమ్మడానికి ఆ పిల్ల తన చేతినే తప్పుబట్టుకుంటోంది.

చిన్నకోడలు పార పక్కన పెట్టి, కిటికీ మీద ఉన్న చిన్న గిన్నె తెచ్చింది. అందులో పెంకు తీసిన గుడ్డు ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"వెళ్లేముందు ఒక్క సాయం చెయ్యి అక్కా. చివరి షెడ్డు కోళ్లకి నూనె ఆపేసి చాలా రోజులైంది. ఒట్టి అవిసె గింజలు, బంతిరేకులే వేస్తున్నాను. ఇది ఆ షెడ్డుది. చూసి చెప్పు. బాగుందన్నావంటే అత్తయ్య కాళ్లావేళ్లా పడి ఆ ఒక్క షెడ్డూ నా చేతిలో ఉంచమని అడుగుతాను. బాగాలేదంటే నోరు మూసుకుని వెళ్లిపోతాను."

పెద్దకోడలి మనసు గబగబా లెక్క వేసుకుంది. నూనె ఆపేసిన షెడ్డు. అంటే బాగానే ఉండి తీరాలి. ఒక్క మాట అంటే ఈ పిల్ల సంచి లోపలికి వెళ్లిపోతుంది. పొద్దున్న చేసిన పాపం సగమైనా కడుక్కున్నట్టవుతుంది.

ఆమె గుడ్డును రెండు చెక్కలు చేసింది. పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉంది. అలవాటు ప్రకారం వెలుగు వైపు తిరిగి, కళ్లు మూసుకుని, ముక్కుపుటాలు పెద్దవి చేసి గట్టిగా పీల్చింది.

"బాగుంది" అంది. ఆ పిల్లకు ధైర్యం చాలదేమోనని ఇంకో మాట కూడా చేర్చింది. "కమ్మగా ఉంది. అవిసె గింజల వాసన లీలగా తెలుస్తోంది. పద, నేనే చెబుతాను అత్తయ్యతో."

చిన్నకోడలు కదల్లేదు. కాసేపటికి ఆమె భుజాలు కదలడం చూసి పెద్దకోడలు కంగారుపడింది.

"ఏడుస్తావేమిటే? బాగుందంటుంటే!"

"అది చివరి షెడ్డుది కాదక్కా. వెనక్కి వచ్చిన పెట్టెలోది."

పెద్దకోడలి చేతిలో గుడ్డు చెక్కలు అలాగే ఉండిపోయాయి.

"పొద్దున్న అత్తయ్య గుడ్డు కోసినప్పుడు అందరం ముక్కు మూసుకున్నాక నువ్వు మూసుకున్నావు. అది చూశాను. చూసి కూడా, ఛ, అక్కని అనుమానించడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను." చిన్నకోడలు చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది. "ఇది ఇస్తే 'ఛీ, కంపు' అని విసిరికొడతావనుకున్నాను అక్కా. విసిరికొట్టాలనే కోరుకున్నాను. అప్పుడు తప్పు నాదేనని నమ్మి, హాయిగా వెళ్లిపోయేదాన్ని."

పెద్దకోడలు గుడ్డు చెక్కల్ని గిన్నెలో పెట్టేసింది.

"ఎప్పటినుంచి?"

"జ్వరం వచ్చినప్పటినుంచి."

"అంటే మొదటి మూత నుంచీనా?"

"మొదటి మూత నుంచీ."

చిన్నకోడలు వంచిన డ్రమ్ము మీదే కూలబడింది. "నాకొక్కదానికి చెప్పి ఉంటే చాలు కదా. మిల్లులో మేం ఎప్పుడూ ఒక్కరి ముక్కు మీద వదిలేవాళ్లం కాదు, నలుగురి చేత చూపించేవాళ్లం. అత్తయ్య ఉన్నారు, మీ మరిది ఉన్నాడు. ఇంతమంది ఉండగా నీ ముక్కు ఒక్కటే దిక్కని నేనెప్పుడైనా అన్నానా?"

"ఈ ఇంట్లో నాకున్నది అదొక్కటే అనుకున్నాను" అంది పెద్దకోడలు. కన్నీళ్లు ఆగలేదు. "అది కూడా పోయిందని తెలిస్తే ఇంకెందుకు నేను అనిపించింది. భయమేసిందే."

"నేను రోజూ ఆ కిటికీ దగ్గరికి వచ్చింది నీ ముక్కు కోసమేనా అక్కా? చెరో గ్లాసు టీ తాగుతూ కాసేపు నీతో కబుర్లు చెప్పుకోవచ్చని వచ్చేదాన్ని. ఈ ఇంట్లో నా మాట పూర్తయ్యేదాకా విన్నది నువ్వొక్కదానివే."

ఆ మాట ముందే అని ఉంటే ఎంత బాగుండేది. లేదా తనే ముందు అడిగి ఉంటే. ఇప్పుడు విని ఏం లాభం?

"నేను చెప్పేస్తాను" అంది పెద్దకోడలు, తోడికోడలి చేతులు పట్టుకుని. "ఒట్టు. ఆసుపత్రి వంటమేస్త్రీ మధ్యాహ్నం వస్తానన్నాడట, అతను వచ్చి వెళ్లిపోనీ. పరాయివాళ్ల ముందు ఇంటి పరువెందుకు? సాయంత్రం మీ ఆయన కూడా వస్తాడు. అందరి ముందూ నేనే చెబుతాను. అప్పటిదాకా ఆగు."

చిన్నకోడలు ఆమె ముఖంలోకి చూసింది. చూసి, చిన్నగా నవ్వింది.

"అలాగే అక్కా" అంది.

*

వంటమేస్త్రీ భారీ మనిషి. కోపంగా వస్తాడనుకున్నారు గాని, వచ్చీ రాగానే మంచినీళ్లడిగి, గ్లాసు ఖాళీ చేసి, నిట్టూర్చాడు.

"మీ మీద కోపం లేదు పెద్దమ్మగారూ. ఇన్నాళ్లూ మంచి గుడ్లే ఇచ్చారు. ఈ కొత్త మేతవి వద్దు, మీ పాత రకమే ఉంటే ఇవ్వండి. సాయంత్రం పిల్లలకి పెట్టాలి. బయటవి కొందామంటే వాటి మీద నాకు నమ్మకం లేదు."

అత్తగారి ముఖంలో ప్రాణం వచ్చింది. ఇవాళ్టి గుడ్లలో ఒక్కో షెడ్డు నుంచి ఒకటి తెచ్చి తనే ఉడకబెట్టింది. చెక్కలు చేసి గిన్నెల్లో వరసగా పెట్టింది. ఏ షెడ్డు కోళ్లు నూనె ఎక్కువ తిన్నాయో, ఏవి తక్కువ తిన్నాయో, వాసన చూసి ఏరాలి.

"మీరే చూసుకోండి మేస్త్రీగారూ."

"నేనా? నా ముక్కు పొయ్యి పొగకి ఎప్పుడో చచ్చింది తల్లీ! బాగా కంపు కొడితే తప్ప నాకేం తెలుస్తుంది? నిన్న వండేటప్పుడు ఏమీ తెలియలేదు, పిల్లలు ఉమ్మాక గాని గోల మొదలవలేదు." అతను హాయిగా నవ్వాడు. "మీ పెట్టె మీది ముక్కు ఉందిగా, ఆవిడ్ని చూడమనండి. ఆవిడ సరేనంటే కళ్లు మూసుకుని తీసుకెళ్లిపోతాను."

నా ముక్కు చచ్చింది. ఎంత తేలిగ్గా అనేశాడు! ఎవరైనా అతన్ని తిట్టారా? వంటశాలలోంచి గెంటేశారా? ఆ నాలుగు మాటలు తన నోట ఎందుకు రాలేదని పెద్దకోడలు లోలోపల కుమిలిపోయింది.

"రా అమ్మాయ్, చూడు" అంది అత్తగారు. ఆ పిలుపులో ఎంతో గర్వం ఉంది.

పెద్దకోడలు మొదటి గిన్నె అందుకుంది. వంటమేస్త్రీ గోడకు ఆనుకుని, ఆమె ముఖాన్నే ఆశగా చూస్తున్నాడు. ఆమె సరే అంటే ఇవి పిల్లల పళ్లాల్లోకి వెళతాయి. సాయంత్రం వరకు ఆగుదామన్న మాట ఇక్కడ పనికిరాదు. ఉత్తుత్తిగా పీల్చడానికి ముక్కు దాకా తెచ్చింది గాని, పీల్చలేకపోయింది.

గిన్నె కింద పెట్టేసింది.

"నాకు వాసన తెలియదండీ."

అత్తగారు నవ్వబోయింది. "పొద్దుటినుంచీ ఈ గొడవతో అలసిపోయింది పాపం..."

"అలసట కాదత్తయ్యా. జ్వరం వచ్చినప్పటినుంచీ నాకు ఏ వాసనా తెలియడం లేదు. రోజూ ఊరికే బాగుంది, బాగుంది అన్నాను. చిన్నది నన్ను అడక్కుండా ఒక్క చుక్క నూనె పెంచలేదు. పెంచుకోమన్నది నేనే. పొద్దున్న దాని మీద అబద్ధం చెప్పాను."

అత్తగారి చేతిలోంచి చాకు బల్ల మీదికి జారింది.

వంటమేస్త్రీ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఇందాకటి నవ్వు లేదు ముఖంలో. "అయితే ఇన్నాళ్లూ మా పిల్లలు తిన్న గుడ్లు ఎవరు చూశారమ్మా?"

"ఎవరూ చూడలేదు" అంది పెద్దకోడలు.

అతను చెప్పులు వేసుకుని, ఖాళీ చేతులతో వ్యాన్ వైపు నడిచాడు. అత్తగారు అతన్ని ఆపలేదు. వరసగా పెట్టిన గిన్నెల ముందు కూలబడింది. పెద్దకోడలు తిట్ల కోసం కాచుకుని నిలబడింది. తిట్లు రాలేదు.

"చిన్నదాన్ని పిలు" అంది అత్తగారు. "పొద్దున్న ఎన్నేసి మాటలన్నానో దాన్ని. ముందు దాన్ని పిలు."

పెద్దకోడలు పెరటి గుమ్మంలోకి పరుగెత్తి, మేతగది వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది. మళ్లీ పిలిచింది. షెడ్డు వెనకనుంచి వచ్చింది ఆమె భర్త.

"చిన్నదాన్నా? ఇప్పుడే బస్సెక్కించి వస్తున్నాను. మిల్లుకి వెళతానని ఒకటే పట్టు. సంచి మోసుకుని ఎండలో నడిచిపోతుంటే చూడలేక నేనే దింపాను."

"వెళ్తూ ఏమైనా చెప్పిందా?" అని అడిగింది పెద్దకోడలు.

"దారంతా అదే మాట. 'అక్క వద్దంటూనే ఉంది బావగారూ, నేనే వినకుండా నూనె పోశాను, అక్కని మాత్రం ఎవరూ ఏమీ అనొద్దు' అని." అతను కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తాడు. "పోన్లే, పోతూ పోతూ తప్పు ఒప్పుకుంది. మనిషి మంచిదే."